తుపాకీకి లైసెన్సు సరే, తూటాల లెక్క మాటేమిటి?

నాకు చాలా కాలంగా తెలిసిన ఒక మిత్రుడు షాట్‌గన్ పోటీల కోసం సాధన చేస్తారు. ఒకసారి ఆయన వెంట షూటింగ్ రేంజికి వెళ్లాను. సాధన మొదలుపెట్టే ముందు ఆయన ఇరవై అయిదేసి తూటాలున్న అట్టపెట్టెలను బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కో పెట్టె మూత తీసి, తూటాలను నడుముకు కట్టుకున్న సంచిలోకి వంపుకున్నారు. గంట గడిచేసరికి ఆయన కాళ్ల చుట్టూ ఇత్తడి అడుగున్న ఎర్రటి ప్లాస్టిక్ తొడుగులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. రేంజి ఉద్యోగి ఒకరు వచ్చి వాటిని బకెట్టులోకి ఎత్తి, లెక్కపెట్టి, పుస్తకంలో అంకె రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు. తిరిగి వస్తున్న దారిలో ఆయన కొంచెం చిరాకుగానే నన్ను అడిగారు: "నా చేతిలో తుపాకీ ఉండవచ్చునని ప్రభుత్వమే విచారించి తేల్చింది. ఇక నా దగ్గర ఎన్ని తూటాలున్నాయన్నది దానికెందుకు? మీ ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నాయో లెక్కపెట్టి పోతామని ఎవరైనా వస్తే మీరు ఊరుకుంటారా?"

ఊరుకోను. అందుకే ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉందనుకున్నాను. ఒక వస్తువును సొంతం చేసుకునే హక్కు ఫలానా మనిషికి ఉందని ఒప్పుకున్న తరువాత, ఎంత మేరకు అని అడగాలంటే ప్రభుత్వం విడిగా కారణం చూపించాలి. పుస్తకాల విషయంలో అలాంటి కారణం లేదు. ఎన్ని పోగేసినా పక్కింటివారికి వచ్చే ముప్పు పెరగదు. తూటాల విషయంలో ఆ కారణం ఉంది. పదో తూటాకూ వెయ్యో తూటాకూ మధ్య ఉన్న తేడా వాటి యజమానికి పెద్దగా పట్టకపోవచ్చు గానీ, ఏదో ఒక రోజున ఆ తుపాకీకి ఎదురుపడేవారికి అది ప్రాణం పోవడానికీ నిలవడానికీ మధ్య ఉన్న తేడా.

వ్యక్తుల దగ్గర ఉండే తుపాకులకూ తూటాలకూ రెండింటికీ హద్దు ఉండాలన్నది నా అభిప్రాయం. అయితే ఆ రెండు హద్దులకూ కారణాలు ఒకటి కావు. ఈ చర్చ ఎక్కడ జరిగినా మాటలన్నీ తుపాకీ చుట్టూనే తిరుగుతాయి; తూటా దగ్గరికి వచ్చేసరికి అందరూ అలసిపోయి ఉంటారు. నా దృష్టిలో మొదట పట్టించుకోవలసింది తూటానే.

తుపాకీ తరాలు నిలుస్తుంది

శ్రద్ధగా చూసుకుంటే తుపాకీ వందేళ్లయినా పనిచేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు రైఫిళ్లతో ఇప్పటికీ వేటాడేవారు ఉన్నారు. స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా పౌరుల చేతుల్లో దాదాపు 85 కోట్ల 70 లక్షల తుపాకులు ఉన్నాయి. వాటిలో 39 కోట్లకు పైగా ఒక్క అమెరికాలోనే ఉన్నాయి, అంటే ఆ దేశ జనాభా కంటే ఎక్కువ. రేపటి నుంచి కొత్త తుపాకీ ఒక్కటీ అమ్మకూడదని అన్ని దేశాలూ తీర్మానించినా, ఇప్పటికే ఉన్న ఈ నిల్వ మన మనవల కాలానికి కూడా తరగదు. తూటా సంగతి అలా కాదు. అది ఒకసారి పేలితే అయిపోయినట్టే, మళ్లీ ఎవరో తయారు చేయాలి, ఎవరో అమ్మాలి, ఎవరో కొనాలి. ప్రభుత్వం తుపాకీని దాని జీవితకాలంలో ఒకటి రెండుసార్లు మాత్రమే చూడగలదు. తూటా కొనుగోలును మాత్రం ఏటేటా చూడగలదు.

అమెరికా సెనేటరు డేనియల్ ప్యాట్రిక్ మొయినిహన్ 1993లోనే ఈ మాట గట్టిగా అన్నారు. దేశంలో రెండు శతాబ్దాలకు సరిపడా చేతి తుపాకులు ఉన్నాయని, తూటాలు మాత్రం నాలుగేళ్లకు మించి రావని ఆయన వాదన. కొన్ని రకాల తూటాల మీద కొనడానికే వీలుకానంత పన్ను వేయాలని ఆయన ప్రతిపాదించారు గానీ, అది చట్టం కాలేదు. పన్ను మార్గం నాకు నచ్చదు, ఎందుకంటే డబ్బున్నవాడికి అది హద్దే కాదు. అయితే ఆయన వేలు పెట్టి చూపిన చోటు సరైనది.

ఆ దేశంలోనే అంతకు ముందు జరిగినది కూడా చెప్పుకోవాలి. 1968 నాటి తుపాకీ నియంత్రణ చట్టం, తూటాలు ఎవరికి అమ్మారో దుకాణదారులు పుస్తకంలో రాసుకోవాలని నియమం పెట్టింది. 1986లో వచ్చిన మరో చట్టం, కవచాలను ఛేదించే రకాల వంటివి తప్పించి, మిగిలిన తూటాల విషయంలో ఆ నియమాన్ని తీసేసింది. పుట్టలకొద్దీ పోగుపడిన ఆ పుస్తకాలు నేర పరిశోధనకు పెద్దగా ఉపయోగపడలేదన్నది అప్పట్లో చెప్పిన కారణం. ఆ కారణం అబద్ధమని నేను అనను. ఒక్కో దుకాణంలో ఒక్కో పుస్తకం చేతిరాతతో ఉన్న రోజుల్లో, ఒకే మనిషి నాలుగు దుకాణాల్లో కొన్నది కలిపి చూసే వీలు ఎవరికి ఉంటుంది? ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. కాలిఫోర్నియా 2016లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా తూటాల కొనుగోలుదారుల వివరాలు పరిశీలించాలని నిర్ణయించి, 2019 జూలై నుంచి అమలులో పెట్టింది. అది అప్పటి నుంచి కోర్టుల్లో నలుగుతూనే ఉంది.

నాకు అన్నిటికంటే ఆలోచింపజేసేదిగా కనిపించే ఉదాహరణ స్విట్జర్లాండుది. తుపాకీ స్వేచ్ఛను కోరేవారు తరచుగా చూపించే దేశం కూడా అదే. అక్కడ సైనిక సేవలో ఉన్న పౌరులు తమ రైఫిలును ఇంట్లోనే ఉంచుకుంటారు. దానితోపాటు యాభై తూటాలున్న, సీలు వేసిన ఒక డబ్బాను కూడా సైన్యం ఇంటికి ఇచ్చేది. యుద్ధం వస్తే సైనికుడు పోరాడుతూనే తన దళాన్ని చేరుకోవాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. సైనిక తుపాకులతో ఇళ్లలో జరిగిన హత్యలు, ఆత్మహత్యల మీద చర్చ చెలరేగిన తరువాత, 2007లో ఆ దేశ పార్లమెంటు ఆ డబ్బాలను వెనక్కి తీసుకోవాలని తీర్మానించింది. తరువాతి కొన్నేళ్లలో దాదాపు అన్నిటినీ సైన్యం వెనక్కి తీసుకుంది. 2011 ఫిబ్రవరిలో మరో ప్రశ్న ప్రజల ముందుకు వచ్చింది: సైనిక రైఫిళ్లను కూడా ఇళ్లలో కాక ఆయుధాగారాల్లోనే ఉంచాలా? 56 శాతం మంది వద్దన్నారు. అంటే తుపాకీని ఇంట్లోనే ఉంచుకుంటామని పట్టుపట్టిన సమాజమే, ప్రభుత్వం ఇచ్చిన తూటాలు మాత్రం ఇంట్లో ఉండనవసరం లేదన్న ఏర్పాటుకు సర్దుకుపోయింది. తుపాకీ గౌరవానికీ సంప్రదాయానికీ ముడిపడిన వస్తువు కాబట్టి దాని మీద చేయి వేస్తే జనం ఎదురు తిరుగుతారు. తూటాల మీద ఎవరికీ అలాంటి మమకారం ఉండదు. విధానం రూపొందించేవారు ఈ తేడాను వాడుకోవాలి.

మొదటి తూటా కాదు, నూరో తూటా

తూటాలకు పరిమితి పెడితే హత్యలు ఆగిపోతాయని నేను చెప్పడం లేదు. ఒక మనిషిని చంపదలచినవాడికి ఒక తూటా చాలు, ఆ ఒక్క తూటాను ఏ పరిమితీ ఆపలేదు. పరిమితి పనిచేసేది మరో చోట. జనసమూహం మీద విరుచుకుపడాలనుకునేవాడికి వందలకొద్దీ తూటాలు కావాలి, వాటిని సమకూర్చుకోవడానికి వారాలు, నెలలు కావాలి. పరిమితి అడ్డుపడేది ఆ సమకూర్చుకునే దశకు.

2012 జూలైలో అమెరికాలోని అరోరా పట్టణంలో ఒక సినిమా హాలులో 12 మందిని చంపినవాడు అంతకు ముందు దాదాపు 6,000 తూటాలు ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకున్నాడు. అమ్మినవారు చట్టాన్ని ఉల్లంఘించలేదు. ఆ అమ్మకాలను గమనించవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు. 2017 అక్టోబరు 1న లాస్ వెగాస్‌లో ఒక హోటలు 32వ అంతస్తు నుంచి సంగీత కార్యక్రమం మీద కాల్పులు జరిపినవాడు పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు పేల్చాడు. ఆ గాయాలతో మరణించినవారు చివరికి 60 మంది అయ్యారు. వాడు కాల్పులకు ముందు ఏడాది కాలంలో యాభైకి పైగా తుపాకులు కొన్నాడు, అన్నీ చట్టబద్ధంగానే. పది నిమిషాల్లో వెయ్యి తూటాలన్న ఆ ఒక్క లెక్క చదివినప్పుడు, ఇంట్లో ఎన్నైనా ఉంచుకోవచ్చునన్న మాట ఎంత బరువైనదో నాకు అర్థమైంది.

ఒకసారి నింపితే తుపాకీలో ఎన్ని తూటాలు పడతాయన్నది దీనికి అనుబంధమైన ప్రశ్న. 2011 జనవరిలో టూసాన్ పట్టణంలో ఒక సూపర్ మార్కెట్ బయట ప్రజాప్రతినిధి గాబ్రియెల్ గిఫర్డ్స్ జనంతో మాట్లాడుతుండగా కాల్పులు జరిగాయి. కాల్చినవాడి పిస్టలుకు 33 తూటాలు పట్టే మ్యాగజైన్ (తూటాలు నింపి తుపాకీకి అమర్చే పెట్టె) ఉంది. ఆరుగురు చనిపోయారు, మరో 13 మంది గాయపడ్డారు. అది ఖాళీ అయి వాడు రెండో మ్యాగజైన్ కోసం జేబులో చేయి పెట్టినప్పుడే చుట్టూ ఉన్నవారు మీదపడి వాడిని పడగొట్టగలిగారు. అరవై దాటిన ఒక మహిళ ఆ నిండు మ్యాగజైన్‌ను వాడికి అందకుండా లాక్కున్నారు. ఆమెకు దొరికిన వ్యవధి కొన్ని సెకన్లు మాత్రమే. ఆ కొన్ని సెకన్లు 33వ తూటా తరువాత కాక పదో తూటా తరువాతే వచ్చి ఉంటే ఎవరెవరు బతికేవారో చెప్పలేను, కానీ ఆ అవకాశం ముందే వచ్చి ఉండేదన్నది కాదనలేని విషయం. 1994 నుంచి 2004 దాకా అమెరికా కేంద్ర చట్టం కొత్తగా తయారయ్యే మ్యాగజైన్లను పది తూటాలకే పరిమితం చేసింది. అయితే పాతవాటి అమ్మకాన్ని ఆపలేదు, పదేళ్లు నిండగానే ఆ చట్టం గడువు ముగిసింది.

ఇక్కడ నా వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణను కూడా చెప్పాలి. బ్రిటన్‌లో రైఫిలు వంటి ఆయుధాలకు (అప్పట్లో పిస్టళ్లకు కూడా) ఇచ్చే ధ్రువపత్రంలోనే, ఒక సమయంలో ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఎన్ని కొనవచ్చో రాస్తారు. భారతదేశపు లైసెన్సులోనూ అలాంటి అంకెలు ఉంటాయి. అయినా 1996 మార్చిలో స్కాట్లాండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పిల్లలను, వారి ఉపాధ్యాయురాలిని చంపినవాడి దగ్గర ఉన్నవన్నీ చట్టబద్ధంగా పొందిన పిస్టళ్లు, రివాల్వర్లే. వాడు 743 తూటాలతో బడిలోకి వెళ్లి, నాలుగు నిమిషాల లోపే 105 పేల్చాడు. వాడి నడవడి మీద అనుమానం ఉందని, లైసెన్సు రద్దు చేయడం మంచిదని ఒక పోలీసు అధికారి 1991లోనే రాసి పంపారు. ఆ కాగితం మీద చర్య లేదు. తరువాత బ్రిటన్ పరిమితులతో సరిపెట్టుకోకుండా 1997లో చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించింది. కాగితం మీద అంకె ఉన్నంత మాత్రాన రక్షణ రాదని ఇది చెబుతుంది. ఆ అంకెను ఎంత ఉదారంగా రాశారు, దాన్ని ఎవరు తిరగేసి చూశారు, అనుమానం వచ్చినప్పుడు ఏం చేశారు అన్నవే ముఖ్యం. పరిమితి పనికిరాదని దీని నుంచి తేల్చేవారు ఉన్నారు. నేను మాత్రం, చూసే కళ్లు లేని చోట పరిమితి పనికిరాదన్నంత వరకే ఒప్పుకుంటాను.

నాకు బరువుగా తోచిన అభ్యంతరాలు

క్రీడాకారుల అభ్యంతరం న్యాయమైనది. ఒలింపిక్ ట్రాప్ పోటీలో అర్హత దశలోనే 125 మట్టి బిళ్లలు గాలిలోకి ఎగురుతాయి, ఒక్కోదానికి రెండు తూటాల దాకా వాడవచ్చు. అలాంటి పోటీకి సిద్ధమయ్యేవారు సాధనలోనే వేల తూటాలు పేల్చాలి. ఏడాదికి యాభై అనో వంద అనో అందరికీ ఒకే గీత గీస్తే ఆ క్రీడను చంపేసినట్టే. అయితే ఆ తూటాలన్నీ ఇంటికి ఎందుకు వెళ్లాలన్నది నా ప్రశ్న. రేంజిలో కొని, రేంజిలోనే పేల్చి, ఖాళీ తొడుగులు అక్కడే అప్పగించేవాటికి ఏ హద్దూ అక్కరలేదు. హద్దు ఉండవలసింది బీరువాలోకి చేరే తూటాలకు. మిత్రుడు చిరాకుపడిన ఆ సంతకం, నిజానికి ఆయనకు అపరిమితమైన సాధనకు దారి తెరిచే సంతకం.

తూటాలను ఇంట్లోనే తయారు చేసుకునేవారి సంగతేమిటని మరికొందరు అడుగుతారు. ఖాళీ తొడుగును మళ్లీ వాడుకోవచ్చు, సీసపు గుండును ఇంట్లో పోత పోసుకోవచ్చు. కానీ నిప్పు పుట్టించే చిన్న ప్రైమరునూ, పొగలేని మందునూ నమ్మకంగా ఇంట్లో తయారు చేయడం చాలా కష్టమూ ప్రమాదకరమూ కూడా. ఆ రెండూ కొనవలసినవే కాబట్టి, లెక్కలోకి వాటినీ తీసుకురావాలి. 2022 జూలైలో జపాన్ మాజీ ప్రధాని షింజో అబేను నారా నగరంలో చంపినవాడు వాడింది సొంతంగా చేసుకున్న నాటు తుపాకీ. తుపాకీ కొన్నవారు పేల్చిన తూటాలకు కూడా లెక్క చెప్పవలసిన దేశం అది. ఎంత కట్టుదిట్టం చేసినా పట్టుదల ఉన్నవాడు దారి వెతుక్కుంటాడని ఈ ఘటనను చూపిస్తారు. నిజమే. కానీ ఆ నాటు తుపాకీ రెండుసార్లు పేలి ఆగింది. అదే చోట చట్టబద్ధంగా కొన్న రైఫిలూ, నాలుగు నిండు మ్యాగజైన్లూ ఉండి ఉంటే మృతుల సంఖ్య ఒకటితో ఆగేదని నేను నమ్మలేను.

అన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆపిన అభ్యంతరం ఆత్మహత్యలది. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోతే, వారిలో 26,328 మంది ప్రాణం తామే తీసుకున్నవారు. వార్తల్లో సామూహిక కాల్పులే కనిపిస్తాయి గానీ, మరణాల్లో సగానికి పైగా ఇలా తలుపులు వేసిన గదుల్లో జరుగుతున్నాయి. యాభై తూటాల పరిమితి గానీ, ఐదు తూటాల పరిమితి గానీ వీరిని కాపాడలేదు. అందువల్ల తూటాల సంఖ్యను తగ్గిస్తే ఈ సమస్య కూడా తీరుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇక్కడ పనిచేసేది దూరం. ఇజ్రాయెల్ సైన్యం 2006లో వారాంతపు సెలవులకు ఇంటికి వెళ్లే సైనికులు ఆయుధాన్ని స్థావరంలోనే వదిలి వెళ్లాలని నియమం పెట్టిన తరువాత, ఆ వయసు సైనికుల్లో ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. వారాంతంలో తగ్గినవి మిగిలిన రోజుల్లో పెరగలేదు. ఆ ఘడియ గడిచిపోతే మనిషి బతుకుతాడన్న మాట. తుపాకీ ఒక చోట, తూటా వేరొక చోట తాళం వేసి ఉంచాలన్న నియమానికి నేను పరిమితితో సమానమైన ప్రాధాన్యం ఇచ్చేది ఇందుకే.

ఆత్మరక్షణ గురించి కూడా ఒక మాట. పోలీసు సాయం గంటల దూరంలో ఉన్నచోట ఒంటరిగా బతికేవారి భయాన్ని నేను కొట్టిపారేయను. అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో ఇంట్లో ఆత్మరక్షణ కోసం తుపాకీ ఉంచుకునే వ్యక్తిగత హక్కును గుర్తించింది. ఆ హక్కు అపరిమితం కాదని అదే తీర్పులో చెప్పింది. 2024లో రహిమి కేసులో, కుటుంబ హింస కారణంగా కోర్టు ఆంక్షలు ఎదుర్కొంటున్నవారి నుంచి తుపాకీని తీసివేయవచ్చునని సమర్థించింది. ఆత్మరక్షణకు తుపాకీ అవసరమని ఒప్పుకున్నా, ఇంట్లోకి చొరబడినవాడిని అడ్డుకోవడానికి పెట్టెల కొద్దీ తూటాలు కావాలని ఎవరూ నాకు ఇంతవరకు చెప్పలేకపోయారు.

ఎన్ని తుపాకులు అన్న ప్రశ్న

తుపాకుల సంఖ్య విషయంలో నా తర్కం వేరు. ఒక మనిషి ఒక సమయంలో రెండు చేతులతో పేల్చగలిగింది ఒకటే, మహా అయితే రెండు. కాబట్టి పదో తుపాకీ వల్ల కాల్పుల తీవ్రత పదింతలు కాదు. లాస్ వెగాస్ హోటలు గదిలో ఒకటి వేడెక్కితే మరొకటి అందుకోవడానికి వరసగా పేర్చి ఉన్నాయన్నది నిజమే, కానీ అది అరుదు. సంఖ్యకు హద్దు కావలసింది ప్రధానంగా దొంగతనం వల్ల, వారసత్వం వల్ల, ఒకరి పేరు మీద ఉన్నవి మరొకరి చేతికి పోవడం వల్ల. అమెరికాలో 2015లో జరిగిన ఒక జాతీయ సర్వే ప్రకారం, ఆ దేశపు పౌర తుపాకుల్లో సగం 3 శాతం వయోజనుల చేతిలోనే ఉన్నాయి. ఒక్కొక్కరి దగ్గర సగటున 17. అలాంటి ఇంట్లో ఒక్క రాత్రి దొంగలు పడితే పదిహేడు తుపాకులు లెక్కలోంచి మాయమవుతాయి.

దేశాలు మెల్లగా ఈ హద్దు వైపే నడుస్తున్నాయి. భారతదేశం 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. బ్రెజిల్ 2005 ప్రజాభిప్రాయ సేకరణలో తుపాకులు, తూటాల అమ్మకాన్ని నిషేధించాలన్న ప్రతిపాదనను 64 శాతం ఓట్లతో తోసిపుచ్చింది. అదే దేశం 2023లో ఆత్మరక్షణకు ఉంచుకోదగిన తుపాకులను నాలుగు నుంచి రెండుకు, ఒక్కో తుపాకీకి ఏడాదికి కొనదగిన తూటాలను 200 నుంచి 50కి తగ్గించింది. నిషేధాన్ని కాదన్న చోట కూడా పరిమితికి చోటు ఉందని దీనివల్ల తెలుస్తుంది.

ఆస్ట్రేలియా కథలో ఒక పాఠం ఉంది. 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో జరిగిన కాల్పుల్లో 35 మంది చనిపోయిన తరువాత, జాన్ హోవర్డ్ ప్రభుత్వం చొరవతో రాష్ట్రాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. సుమారు ఆరున్నర లక్షల తుపాకులను ప్రభుత్వం పరిహారం ఇచ్చి వెనక్కి తీసుకుని నాశనం చేసింది. ప్రతి తుపాకీకీ సరైన అవసరం చూపాలి, ఆత్మరక్షణ అవసరం కిందికి రాదు, కొనడానికి 28 రోజులు ఆగాలి. ఇంత చేసిన దేశం అప్పట్లో తుపాకుల సంఖ్యకు మాత్రం గీత గీయలేదు. అవసరం చూపిస్తూ పోతే ఎన్నైనా ఉంచుకోగలిగేవారు. పశ్చిమ ఆస్ట్రేలియా 2024 చట్టంతో మొదటిసారిగా ఆ గీత గీసింది. 2025 డిసెంబరులో సిడ్నీలోని బాండై తీరంలో హనుక్కా పండుగ జరుపుకుంటున్నవారి మీద జరిగిన దాడిలో 15 మంది చనిపోయినప్పుడు, దాడి చేసిన ఇద్దరిలో ఒకడికి లైసెన్సు ఉందని, అతడి పేరు మీద ఆరు తుపాకులు ఉన్నాయని బయటపడింది. ఒక తుపాకీ కొనడానికి సరిపోయిన పరిశీలనే ఆరో తుపాకీ కొనడానికి కూడా సరిపోవడంలో ఉన్న లోపాన్ని ఎత్తిచూపడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

నిరాయుధులైన ప్రజల భయం

పరిమితుల మాట ఎత్తగానే వచ్చే మరో వాదనను నేను గౌరవంతో వింటాను, ఎందుకంటే దాని వెనుక చరిత్ర ఉంది. ప్రభుత్వమే అణచివేతకు దిగితే, తూటాలు లెక్కపెట్టి ఇచ్చిన ప్రజలు ఏం చేయగలరు? 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. ఆ చట్టాన్ని గాంధీ సైతం తీవ్రంగా నిరసించారు. 1931 కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కుల్లో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ తెచ్చారు. ప్రతి మనిషీ అంగట్లోకి వెళ్లి ఏ అడ్డూ లేకుండా దాడి సాధనాలు కొనుక్కోగలిగితే రాజ్యం నడవడం ఎలా సాధ్యమో తన ఊహకు అందడం లేదని అంబేద్కర్ దాన్ని వ్యతిరేకించారు. సవరణ వీగిపోయింది.

ఆ చర్చను చదివినప్పుడు, 1878 చట్టంలోని అసలు అన్యాయం లైసెన్సు అడగడం కాదనిపిస్తుంది. ఒకరికి ఒక నియమం, మరొకరికి మరో నియమం పెట్టడం ఆ అన్యాయం. పరిమితి సరైనదవునో కాదో తేల్చడానికి నేను వేసుకునే మొదటి ప్రశ్న కూడా అదే: అధికారంలో ఉన్నవారికీ, పలుకుబడి ఉన్నవారికీ, వారి బంధువులకూ ఇదే అంకె వర్తిస్తుందా? వర్తించకపోతే దాన్ని ఎదిరించేవారి పక్షాన నిలబడడానికి నాకు అభ్యంతరం లేదు. ఇక ప్రజలు తూటాలు దాచుకుని సైన్యాన్ని ఎదుర్కొంటారన్న ఊహ మాత్రం నన్ను ఒప్పించలేదు. అలా దాచిన తూటాలు ప్రభుత్వాల మీదికి వెళ్లేలోగా ఇంట్లోవారి మీదికీ ఇరుగుపొరుగు మీదికీ వెళ్లిన సందర్భాలే ఎక్కువ.

హద్దు ఎలా ఉండాలి

తూటా కొనాలంటే తుపాకీ లైసెన్సు చూపాలి, ఆ లైసెన్సులో ఉన్న తుపాకీకి సరిపోయే రకం తూటాలే దొరకాలి. ఇంట్లో ఉంచుకోదగిన సంఖ్యను అవసరాన్ని బట్టి నిర్ణయించాలి: ఆత్మరక్షణకు తక్కువ, పంటను అడవి జంతువుల నుంచి కాపాడుకోవలసినవారికి కొంచెం ఎక్కువ. రేంజిలో పేల్చేవాటికి హద్దు లేదు. కొత్తవి కొనేటప్పుడు పాతవి ఎక్కడ వాడారో చెప్పాలి. ఈ చివరి నియమం వేధింపుగా మారే ప్రమాదం ఉందని నాకు తెలుసు. అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేస్తే, చేయి తడిపినవారికి వెయ్యి, తడపనివారికి పది అవుతుంది. అందుకే అంకెలు చట్టంలోనే ఉండాలి, కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వాలి, అప్పీలుకు గడువు ఉండాలి. ఎవరింట్లో ఎన్ని తూటాలున్నాయన్న జాబితా బయటికి పొక్కితే అదే దొంగలకు దారి చూపుతుంది కాబట్టి, దాన్ని చూసినవారి పేరు, చూసిన సమయం కూడా నమోదు కావాలి.

ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటిని ఏం చేయాలన్నది ఎవరూ పట్టించుకోని ప్రశ్న. నాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దాయన చనిపోయిన కొంత కాలానికి, ఆయన బీరువా అడుగున పాత కాగితాల కింద ఒక రేకు డబ్బా దొరికింది. అందులో నూనె గుడ్డలో చుట్టిన తూటాలు ఉన్నాయి. తుపాకీని ఆయన ఎప్పుడో అప్పగించేశారు, లైసెన్సు గడువూ ఎప్పుడో ముగిసింది. ఆ తూటాలను ఇంట్లో ఉంచుకోవడం నేరం, చెత్తలో పడేయడం ప్రమాదం, తీసుకువెళ్లి ఇస్తే ఎక్కడివని మొదలయ్యే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన మనిషి లేడు. ఆయన కొడుకు ఆ డబ్బాను చేతిలో పట్టుకుని, మూత తీసి, మళ్లీ మూసి, ఎవరిని అడగాలో తెలియక నిలబడిపోయారు. పొడిగా, చల్లగా ఉన్న చోట తూటా దశాబ్దాల పాటు చెడిపోదు. ఇలాంటి డబ్బాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో ఏ ప్రభుత్వానికీ తెలియదు.

కాబట్టి కొత్త పరిమితి అమలులోకి వచ్చే రోజుకు ముందు కనీసం ఒక ఏడాది గడువు ఇచ్చి, ఆ గడువులో తూటాలు తెచ్చి ఇచ్చినవారిని పేరు కూడా అడగకుండా రసీదు ఇచ్చి పంపాలి. లైసెన్సుదారులకు మిగులు తూటాల ధర చెల్లించాలి. గడువు ముగిసిన తరువాత కూడా, మరణించినవారి ఇంట్లో దొరికినవాటికి ఆ వెసులుబాటు శాశ్వతంగా ఉండాలి, వాటిని తీసుకునే చోటు ప్రతి పట్టణంలోనూ ఉండాలి, ఆ చోటు ఎక్కడో లైసెన్సు పత్రం మీదే అచ్చువేయాలి.